తీజ్ కాడ ఆగిన స్లాబు

ఆడపిల్లల హాస్టలు పైకప్పుకు మందు పోసి బాగుచేసిర్రట. నిన్న నా మనుమరాలు సౌందర్య ఫోన్ల చెప్పింది. సర్టిఫికెట్ పని మీద యూనివర్సిటీకి పోయి, పాత వరండాల నిలబడి పైకి చూసిందట. మరక లేదు, నాచు లేదు, తెల్లగ సున్నమేసి ఉన్నదట. "ఇగ కురవదు దాదీ" అన్నది. మా లంబాడి మాటల దాది అంటే నాయినమ్మ. మంచిదే బిడ్డా అని ఫోన్ పెట్టేసిన. పెట్టేసిన గానీ కూసోబుద్ధి కాలె. వాకిట్లకు పోయిన, ఇంట్లకొచ్చిన, కోళ్లను గంప కింద కమ్మిన, మల్ల తీసిన. కోడలు చూసి, ఏందత్తా కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు అన్నది. ఏం చెప్పాలె. ఆ కప్పు ఒక్క తాననే ఎందుకు కురిసేదో కండ్లార చూసినోళ్లు అందరు పోయిర్రు. నేనొక్కదాన్ని మిగిలిన.

మాది గూడూరు అవతల అడివంచు తండా. నా పేరు కాళి. నా పెనిమిటి అమర్‌సింగ్, మామ భోజ్యా నాయక్. నాయక్ అంటే తండాకు పెద్ద, పెండ్లయినా పంచాయితయినా ఆయన మాట మీదనే నడవాలె. పెద్ద కరువొచ్చిన ఏడాది జొన్న మొలవలె, గడ్డి మొలవలె, ఆవులను అమ్ముదామంటె కొనేటోడు లేడు. జిల్లా టౌనుల యూనివర్సిటీ కడుతున్నరు, కూలి దొరుకుతదన్నరు. సగం తండా మూటలు గట్టుకొని పోయినం. నా కొడుకు హరిలాల్ గప్పుడు చంకల బిడ్డ.

పోయి చూస్తే ఆడ యూనివర్సిటీ అనేటందుకు ఏమున్నది? ఒక బోర్డు, నాలుగు రేకుల షెడ్లు, కనుచూపు మేర బండలు, తంగేడు పొదలు. సార్లు రేకుల కింద నిలబడి చెమట తుడుచుకుంట పాఠం చెప్పేది. వాన కొడితే ఆ చప్పుడుకు సార్ మాట వినరాక పోరగాళ్లు బయటికొచ్చి మా పని చూసేది. ఉత్తరం దిక్కు మేము బండ పగలగొట్టి రాయి తీసినం. ఆ గుంటల రాయితోనే మొదాలు ఆర్ట్స్ బిల్డింగు లేసింది, అటెన్క లైబ్రరీ, ఆఖరుకు ఆడపిల్లల హాస్టలు. సదువుకున్నోళ్లకు ఆ బిల్డింగులకు పేర్లున్నయి. మాకు వేరే గుర్తులు. ఆర్ట్స్ బిల్డింగంటే అమర్‌సింగ్ బొటనవేలు నలిగిన తావు. లైబ్రరీ అంటే దాని వెనుక గోడ నీడ, ఆడ చీర కొంగుతోని హరిలాల్‌కు ఉయ్యాల కట్టేదాన్ని. పొద్దు తిరిగితే నీడ తిరిగేది, నీడ తిరిగితే నేను ఉయ్యాల మార్చేదాన్ని. గోడ లేసినా కొద్ది నీడ పొడుగైంది, వాడు పొడుగైండు.

హాస్టలు సంగతి వేరు. దాని గోడలు లేసేసరికి శ్రావణం వచ్చింది. శ్రావణంల మా తండాలల్ల తీజ్ చేస్తరు. పెండ్లి కాని ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి, మేక ఎరువు కలిపి, చిన్న బుట్టలల్ల నింపి గోధుమలు చల్లుతరు. బుట్టలన్నీ మంచె మీద పెట్టి పూటపూటకు బాయి నీళ్లు తెచ్చి, పాటలు పాడుకుంట పోస్తరు. తొమ్మిదొద్దులు. ఆ మొలకలు ఎంత పచ్చగ లేస్తే అన్నదమ్ములకు అంత మంచిదంటరు. నడుమల ఎండొద్దు, నడుమల కదపొద్దు. కదిపితే ఆ కీడు పొయ్యి పొయ్యి అన్న మీద పడుతది. నాయక్ సెలవిస్తేనే వేసుకోవాలె, సెలవిచ్చిన నాయకే ఆ తొమ్మిదొద్దులకు జిమ్మేదారు.

మా గుడిసెల కాడ మేకలు మొలకలు మేస్తయని మామ ఆ మంచెను హాస్టలు మీదంతస్తు గోడల నడుమ పెట్టించిండు. కప్పు లేని అర్ర, ఎండా మంచూ తగులుతయి, మేక రాదు. బాగనే ఉండె. గానీ కాంట్రాక్టర్ వెంకట్రాం ఊరికి పోయొచ్చి, రేపే స్లాబు అన్నడు. స్లాబు పోసుడంటే ఒక్క గుక్కల నీళ్లు తాగినట్టు, మొదలు పెడితే ఆగొద్దు. ఆపితే పాత సిమెంటు కొత్త సిమెంటును కలుపుకోదు. సెంట్రింగ్ కర్రలన్నీ నిలబెట్టిర్రు, ఆ ఒక్క అర్ర, దాని ముంగటి వరండా తప్ప. వెంకట్రాం వచ్చి చూసి, మంచె తీసెయ్యుమన్నడు. కంకర కలిపి ఉన్నది, మిషిన్ కిరాయిది, మనుషులు వరుస కట్టి తట్టలు పట్టుకొని ఉన్నరు. బతిలాడిండు, తిట్టిండు, కూలి ఇయ్యనన్నడు.

మామ రుమాలు సర్దుకొని ఒక్కటే మాటన్నడు. "వేసుకోమని సెలవిచ్చినోన్ని నేను. అది కదిలితే నా మాట కదిలినట్టు."

ఇగ ఏం చేస్తడు వెంకట్రాం? ఆ అర్ర కాడిదాక పోయించి ఆపిండు. తీజ్ సాగనంపినంక తతిమ్మాది పోసినం. ఈ అతుకు బిల్డింగున్నన్ని రోజులు కురుస్తది, లంబాడోళ్ల పుణ్యమాని, అన్నడు వెంకట్రాం. కురవనియ్యి, ఎవలో ఒకలు మనను యాది చేస్తరు, అన్నడు మామ. ఆయన పోయి శానేండ్లాయె. అది మాత్రం కురుసుకుంటనే ఉన్నది.

ఎన్నేండ్లకో సౌందర్యకు గదే యూనివర్సిటీల సీటొచ్చింది, గదే హాస్టలుల అర్ర దొరికింది. మొదటి వానకే ఫోన్ చేసింది. దాదీ, వరండాల ఒక్క తాననే ధార కడుతున్నది, బకెట్లు పెడుతున్నం, వాన ఆగినా ఇది ఆగదు, మీద ఆకులు అడ్డం పడి నీళ్లు నిలుస్తయట, వార్డెన్ మేడం ఎన్ని కాయిదాలు రాసినా ఎవలూ రాలేదని. నాకు నవ్వాగలె. ముత్తాత కత చెప్పిన. పోరి హాస్టలుల అందరికి చెప్పింది. ఆ అతుకు కింద బకెట్ పెట్టేటప్పుడల్ల, భోజ్యా తాతకు దండం అనుకునేదట.

అటెన్క ఉద్యమం జోరందుకున్నది. తెలంగాణ కావాలని రోడ్ల మీదనే వంటలు, రోడ్ల మీదనే ఆటలు. సౌందర్య అన్న ప్రేమ్‌చంద్, హరిలాల్ పెద్దకొడుకు, మానుకోటల డిగ్రీ సదివేటోడు. రైలు పట్టాల మీద కూసున్నడు. పోలీసులు లేపుకపోయి కేసులు పెట్టి పెద్ద జైలుల ఏసిర్రు. ఇయ్యాల బెయిలంటరు, రేపంటరు. హరిలాల్ వకీలు ఇంటి ముంగట పొద్దంత నిలబడి వచ్చేది. వాడు తినకపోయేది, మేము తినకపోయేది. పిల్లలు జైలుల ఉన్నరని ఆ ఏడు మా తండాల తీజ్ వెయ్యలె.

సౌందర్య ఊకోలె. అన్న జైలుల ఉంటెనే కదా తీజ్ వెయ్యాలె అన్నదట. హాస్టలుల తండా పిల్లలు ఇంకా ఉన్నరు. ఒకామె భూపాలపల్లి బొగ్గుబాయి దిక్కు, ఒకామె జనగామ పక్క లింగాల ఘనపూర్ దిక్కు, మానుకోట చుట్టుపక్కలోళ్లు కొందరు. పుట్టమన్ను తెచ్చిర్రు, గోధుమలు నానవెట్టిర్రు, బుట్టలు దొరకకపోతే ప్లాస్టిక్ టబ్బులల్ల చల్లుదామనుకున్నరు. అంత అయినంక యాదికొచ్చింది, సెలవియ్యను నాయక్ ఏడి?

హాస్టలు వాచ్‌మన్ టీక్యా మా లంబాడాయనే, దంతాలపల్లి దిక్కు తండా. పిల్లలు ఆయన మెడల తువ్వాలను తలకు చుట్టి, నువ్వే మా నాయక్‌వు, సెలవియ్యి అన్నరు. ఆయన పాపం నవ్వుకుంట, ఇచ్చిన పోండ్రి అన్నడు. ఇంటికి పోయి పెండ్లానికి చెప్పితే ఆమె నవ్వలేదట. సెలవంటె ఏందో ఎర్కేనా, ఆ పిల్లల అన్నలకు ఏమన్న అయితే నీ తలకాయకే చుట్టుకుంటది అన్నదట. తెల్లారినంక టీక్యా బీడీ మానేసిండు, మందు మానేసిండు, వెదురు బుట్టలు కొనుక్కొచ్చి ఇచ్చి, కట్టెలతోని మంచె కట్టిండు. మంచె యాడ పెట్టిర్రో తెలుసా? ఆ అతుకు పక్క అర్రల్నే. పాత మంచె ఉన్న అర్ర అదేనని వాళ్లకు ఎర్క లేదు, ఎండ బాగ పడుతదని పెట్టుకున్నరంతె.

మొలకలు వేలెడు లేసినయో లేదో, యూనివర్సిటీల దీక్షలు ఎక్కువైనయని హాస్టళ్లు ఖాళీ చెయ్యుమని ఆర్డరొచ్చింది. మెస్సు బంద్, కరెంటు బంద్, నల్లా బంద్. పిల్లలందరు సంచులు పట్టుకొని పోయిర్రు. తీజ్ వేసిన పిల్లలు పోలె.

హరిలాల్ నా ముంగట నిలబడ్డడు. వాని కండ్లు ఎర్రగున్నయి. ఒక పిల్లగాడు లోపల ఉన్నది సాలదా అమ్మా, దీన్ని సుత పట్టుకపోతే నేనేం గావాలె, నువ్వు పోయి తీస్కరా, నా మాట వినదు నీ మాట వింటది, అన్నడు. నేను చెప్పులేసుకున్న.

ఆ రోజు బంద్, బస్సులు లేవు. పాల ఆటోల కొంతదూరం, టమాటలు పోయే డీసీఎంల కొంతదూరం, తతిమ్మాది నడిచిన. టౌను చేరేసరికి పొద్దు నెత్తిమీదికొచ్చింది. యూనివర్సిటీ గేటు కాడ పోలీసు వ్యాను, హాస్టలు గేటు కాడ ఇంకో వ్యాను. తాళం పడ్డ గేటు ముంగట స్టూలు మీద టీక్యా. నన్ను చూసి లేచి, యాడీ అని కాళ్లు మొక్కిండు. మా మాటల యాడి అంటే అమ్మ.

తాళం తియ్యిరా, నా మనుమరాలిని తీస్కపోను వచ్చిన అన్న. ఆయన చెవుల కాడికొచ్చి మెల్లగ చెప్పిండు. పోలీసోళ్లే తాళం వెయ్యుమన్నరట. బయటికొచ్చినోళ్లు ఇంటికి పోవాలె, మల్ల లోపలికి పోరాదు, లోపలికి ఏదీ పోరాదు. నీళ్లు లేకపోతే వాళ్లంతట వాళ్లే వస్తరని చూస్తున్నరు. తాళం తీసిన్నంటే లేడీ పోలీసులు పోయి అందరిని చెయ్యివట్టి గుంజుకొస్తరు, గందుకే తీస్తలేను, అన్నడు. పోలీసోళ్లేమొ వీడు మనోడు, పిల్లలను మూసిపెట్టిండు అనుకుంటున్నరు. లోపలి పిల్లలేమొ మా నాయక్ మాకు కావలి ఉన్నడు అనుకుంటున్నరు. రెండూ నిజమే. నడుమల తాళపుచెవి పట్టుకొని ఆ మనిషి ఎండిపోతున్నడు.

నన్ను కిటికీ దాక పోనిచ్చిర్రు. ముసల్దాన్ని, నచ్చజెప్పి తీస్కపోతదనుకున్నరు. కింది అర్ర కిటికీ ఊచల వెనుకకు సౌందర్య వచ్చింది. పెదువులు తెల్లగ పగిలి ఉన్నయి. ఏం తింటున్నరే అంటె, మెస్సుల గోధుమపిండి ఉన్నది, బెల్లం ఉన్నది, తీజ్‌కు ఎట్లాగు ఉప్పు తినం కదా అన్నది. నీళ్లు? ఆ మాటకు ఎనక్కి చూసింది. ఉన్న బిందెలల్ల సగం తాగుడుకు, సగం తీజ్‌కు పంచుకున్నరట. ఇగ ఒక్క బిందె మిగిలింది.

"నన్ను తీస్కపోను వచ్చినవా దాదీ?"

"మీ నాయిన తోలిండు."

"నాయిన సంగతి కాదు. నువ్వు రమ్మంటే వస్త. నువ్వే చెప్పు."

తీజ్ చూపియ్యి అన్న. నాయక్ చేతుల మీదుగ చూపియ్యాలె గానీ, ఏం చేస్తం. తన బుట్ట మంచె మీదికెల్లి తియ్యరాదు కదా, నాలుగు మొలకలు కోసుకొచ్చి ఊచల సందుల చూపిచ్చింది. కొసలు వాలినయి. పచ్చదనం పోయి కొంచెం పసుపు తిరిగినయి. ప్రేమ్‌చంద్ మొఖం నా కండ్ల ముంగట ఆడింది. వాని కోసం వేసిన తీజ్ అది. వదిలిపెట్టి రమ్మని ఈ నోటితో ఎట్లనాలె? ఉండుమని మాత్రం ఎట్లనాలె, పెదువులు గట్లున్న పిల్లను?

జర ఆగు, నీళ్ల సంగతి నేను చూస్త అన్న. నాకెర్కే కదా, హాస్టలు కట్టేటప్పుడు నీళ్లకు మేమే బాయి తవ్వినం. వెనుక గోడకు పది అడుగులల్ల. ఆ బాయికి లోపలి దిక్కున దారి ఉండాలె. టీక్యాను గుంజుకొని వెనుకకు పోయిన. పోతే ఏమున్నది, సైకిల్ స్టాండు. రేకు కింద తుప్పు పట్టిన సైకిళ్లు. యాడీ, ఆ బాయి ఎన్నడో పూడ్చిర్రు, నాకు ఉద్యోగమొచ్చిన కాడికెల్లి సైకిల్ స్టాండే, అన్నడు. నేను ఆ సిమెంటు మీద కాలితో తన్నిన. నిలువెత్తు దిగి తవ్విన బాయి, కింద ఉన్నదో లేదో డొల్ల చప్పుడు సుత రాలె.

హోటలాయనను అడిగి బిందెడు నీళ్లు తెచ్చిన. చిన్న కానిస్టేబులు అడ్డం నిలబడ్డడు. జనగామ దిక్కు పిల్లగాడు, మాట్లాడితే తెలిసింది. అవ్వా, నన్ను తిట్టకు, లోపలికి ఏదీ పోవద్దని మాకు చెప్పిర్రు, అని తల వంచుకున్నడు. మీ అవ్వకు సుత గిట్లనే చెప్తవా అన్న. మా అవ్వయితే ఇప్పటికే నన్ను కొట్టేది, అన్నడు. నవ్విండు గానీ జరగలె. బిందె ఆన్నే దించిన. ఆ నీళ్లు ఎండకు కాగినయి.

ఇగ నాకు ఒక్క తాన నిలువబుద్ధి కాలె. ఆర్ట్స్ బిల్డింగు కాడికి పోయిన, లైబ్రరీ వెనుకకు పోయిన. మనుషులు లేని యూనివర్సిటీ ఎట్లుంటదో గప్పుడు చూసిన. మేము కట్టుడు అయినంక, బిల్డింగులల్లకు ఇంకా ఎవలూ రాకముందు గిట్లనే ఉండె. మెట్ల మీద చెప్పులు విడిచిపోయి ఉన్నయి. గోడల మీద జై తెలంగాణ రాసిన రంగు కారి ఎండింది. లైబ్రరీ నీడల కూసున్న, లేసిన. ఆకాశం దిక్కు చూసిన. ఉక్కపోస్తున్నది, మబ్బు వస్తున్నది, పోతున్నది. హరిలాల్ టీక్యా ఫోన్‌కు ఒకటే చేసుడు. బయలెల్లినరా అంటడు. ఎల్లుతున్నం బిడ్డా అంట. ఎటు ఎల్లుతున్నం?

ఆ రాత్రి టీక్యా ఇంట్ల పండుకున్న, అంటె చాప మీద ఒరిగిన. తెల్లారంగనే కిటికీ కాడికి పోయిన. సౌందర్యకు గొంతు రాలె, గీసుకపోయింది. బిందె బోర్లేసి ఉన్నది. ఆఖరి నీళ్లు ఏం చేసిర్రే అంటె, పైకి చెయ్యి చూపిచ్చింది. తీజ్‌కు పోసిర్రట. తాగలేదట. గప్పుడు నాకు కోపమొచ్చింది, ఎవరి మీదనో తెలువదు. ఊచల సందుల చెయ్యి పెట్టి దాని గదువ పట్టుకున్న.

"రా బిడ్డా. ఇంటికి పోదాం. మీ అన్నకు ఏమన్న అయితే ఆ పాపం నా మీద పడనియ్యి. నువ్వు రా."

అది కండ్ల నీళ్లు పెట్టుకోలె, పెట్టుకోను ఒంట్ల నీళ్లుంటె కదా. సరే దాదీ అన్నది. నువ్వు రమ్మంటే వస్తనన్న కదా అన్నది. నేను పోతే వీళ్లు సుత ఆగరు, ఒక్కసారి మంచెకు మొక్కి వస్త, అని తిరిగింది.

నా వెనుకనే టీక్యా నిలబడి అంత విన్నడు. ముంగటికొచ్చిండు. యాడీ, నువ్వు పెద్దదానివి, నీకు ఎదురు చెప్పొద్దు. గానీ సెలవిచ్చినోన్ని నేను. పొద్దూకేదాక నా మాట మీద ఉండనియ్యి. భూపాలపల్లి అడివి దిక్కు మబ్బు పట్టింది, చీమలు గుడ్లు మోసుకొని గోడెక్కుతున్నయి. పొద్దూకితే నా చేతులతో నేనే తాళం తీస్త, అన్నడు. వాచ్‌మన్ లెక్క అనలె ఆ మాట. తలకు తువ్వాల లేదు గానీ మా మామ రుమాలు సర్దుకున్నట్టు నాకు కనబడ్డది. సరే అన్న. సౌందర్యకు చెప్పిన, పొద్దూకేదాక.

గా పగలు ఎట్ల గడిచిందో దేవునికెర్క. మబ్బు మీదిదాక వచ్చింది, గాలి లేసింది, ఆకులు కొట్టుకపోయినయి, మబ్బు పక్కకు జరిగింది. ఎండ మల్ల వచ్చింది. వ్యాను కాడ పోలీసోళ్లు చాయ్ తాగుకుంట నవ్వుకుంటున్నరు. నాకు వాళ్ల నవ్వు సుత సహించలె. వంగి నేల మీది రాళ్లు ఏరి కుప్పపోసిన, మల్ల చెదరగొట్టిన. ఇగ పొద్దు వాలుతదనంగ ఒక్క ఉరుము. అటెన్క వాన, దబ్బున ఎవలో బిందె బోర్లించినట్టు. ఎంతసేపు? నేను సజ్జ కిందికి చేరి కొంగు పిండుకునేలోపలనే ఆగింది. పాడువాన, మట్టి సుత నానలె అనుకున్న. కిటికీలకు మీద సజ్జలున్నయి, చెయ్యి చాపినా వాళ్లకు చుక్క అందదు.

గప్పుడు లోపలికెల్లి చప్పుడు. బిందెల చప్పుడు, ఉరుకుడు, నవ్వుడు. పైవరండాల దబదబ కాళ్లు. నాకు జర ఆలస్యంగ తట్టింది. మీద ఆకులు అడ్డం పడి నీళ్లు నిలుస్తయి. వాన ఆగినా అతుకు ఆగదు.

సౌందర్య పైకిటికీల తల పెట్టింది. మొఖం మీద నీళ్లు కారుతున్నయి.

"దాదీ, ధార కడుతున్నది. మేము తాగుతున్నం. తీజ్‌కు పోయొచ్చునా? బాయి నీళ్లు కావు కదా ఇవి, మోసుకొచ్చినవి కావు. వీళ్లు పోయొద్దంటున్నరు."

మంచి ప్రశ్ననే. కప్పు కురిసిన నీళ్లు తీజ్‌కు పోసుడు నేనెన్నడూ చూడలె, వినలె. నా నాలిక చివరిదాక వచ్చింది మాట, మింగిన. ఇది నా మాట కాదు. మీ నాయక్‌ను అడుగు అన్న.

టీక్యా నా దిక్కు చూసిండు. నేను మొఖం తిప్పుకున్న. ఆయన తాళపుచెవిని ఆ చేతిల నుంచి ఈ చేతిలకు మార్చుకున్నడు. పోలీసోళ్లు సుత చాయ్ గ్లాసులు పట్టుకొని వింటున్నరు, మా లంబాడి మాట వాళ్లకు అర్థం కాకున్నా. ఆఖరుకు తల ఎత్తి చెప్పిండు.

"తీజ్ కోసం ఆగిన స్లాబది. దాని నీళ్లు తీజ్‌కు కాకపోతే ఎవలకు? పొయ్యిండ్రి బిడ్డా."

పాట అందుకున్నరు. గొంతులు గీసుకపోయి ఉన్నయి, రాగం యాడికో పోతున్నది, అయినా పాడిర్రు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. ఆ రాయి నా నెత్తిమీదికెల్లే పోయిందేమొ, తెలువదు.

పొద్దూకింది. టీక్యా తాళం తియ్యలె, నేను తియ్యుమనలె. హరిలాల్ ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నీళ్లు తాగిందా అన్నడు. తాగింది అన్న. ఫోన్ పెట్టేసిండు.

అతుకు ఆ రాత్రి అంత కారిందట, తెల్లారి సుత సన్నగ కారిందట. సాపు చెయ్యని ఆకులు నీళ్లను పట్టి ఉంచినయి. నడుమ ఇంకో చిన్న జల్లు పడ్డది. గట్ల గట్ల తొమ్మిదొద్దులు ఎల్లదీసిర్రు. ఆఖరి దినం పొద్దున్నే టీక్యా తానే తాళం తీసిండు. పిల్లలు తలల మీద బుట్టలు పెట్టుకొని వరుసగ వచ్చిర్రు. మొలకలు అక్కడక్కడ పసుపున్నయి, కొన్ని పండుకున్నయి, మా తండాల లేసినంత ఎత్తు లేవలె. ఖాళీ చెయ్యుమన్నరు, చేస్తున్నం, అన్నది సౌందర్య వ్యాను కాడి పెద్ద పోలీసుతోని. జనగామ కానిస్టేబులు అడ్డం పెట్టిన కట్టె పక్కకు జరిపిండు.

నిమజ్జనం యాడ చెయ్యాలె అంటె నేనే చూపిచ్చిన. ఉత్తరం దిక్కు మేము రాయి తీసిన గుంట. బాయి పోయింది గానీ గుంట ఉన్నది, అండ్ల వాన నీళ్లున్నయి. ఆర్ట్స్ బిల్డింగు, లైబ్రరీ, హాస్టలు అన్నీ అండ్లకెల్లి లేసినవే. తీజ్‌ను అండ్ల విడిచినం. పిల్లలు ఒకలనొకలు పట్టుకొని ఏడిచిర్రు, ఆఖరి దినం ఏడవాలె, అది ఆనవాయితీ. ఆనవాయితీ కంటె జర ఎక్కువనే ఏడిచిర్రు. టీక్యా దూరంగ నిలబడి బీడీ అంటించిండు. ఆయనకు అటెన్క మెమో ఇచ్చి, పాత రేకుల షెడ్ల కాడికి డ్యూటీ మార్చిర్రు. అదే మంచిగున్నది యాడీ, ఎవలూ సెలవడగరు, అన్నడు నాతోని.

సాగనంపే ముందర మొలకలు కొన్ని తీసి అన్నదమ్ముల రుమాలల్ల చెక్కాలె. సౌందర్య గుప్పెడు తడిగుడ్డల చుట్టుకున్నది. తండాకు పోలె, చక్కగ పెద్ద జైలుకు పోయినం. హరిలాల్ ఆడికే వచ్చిండు. ములాఖాత్ కిటికీకి సన్న జాలి. ప్రేమ్‌చంద్ గడ్డం పెరిగి, బక్కగైండు. పక్కన నిలబడ్డ జవాను గుడ్డ మూట చూసి, లోపలికి ఏదీ పోవద్దు అన్నడు. ఆ మాట విని విని నా చెవులు పుండ్లయినయి. సౌందర్య వాదులాడలె. జాలి సందుల ఒక్కొక్క మొలకను దూర్చింది.

వాడు వేళ్లతో అందుకున్నడు. చెక్కుకోను తలకు రుమాలు లేదు, చెవికి పెట్టుకున్నడు. జవాను తియ్యుమన్నడు. ప్రేమ్‌చంద్ జవానును చూసిండు, చెల్లెను చూసిండు, మొలకను చెవికెల్లి తీసి నోట్ల వేసుకొని నమిలిండు. అటెన్క ఇంకోటి. ఒక్కొక్కటి అందుకున్నడు, ఒక్కొక్కటి నమిలిండు, మూట అయిపోయేదాక. జవాను గోడ దిక్కు తిరిగిండు.

"ఏ నీళ్లు పోసిర్రే దీనికి?" అన్నడు నములుకుంట. "సున్నం వాసనొస్తున్నది."